పంచాయితీ తెగింది గానీ కేసు తెగలేదు

కోరుట్ల, మెట్‌పల్లి మధ్య రోడ్డు మీద నాకు చిన్న ఇంటర్నెట్ సెంటర్ ఉంది. జిరాక్సులు, ఫొటోలు, లామినేషన్, ఆధార్ అడ్రస్ మార్పులు, ఇవన్నీ చేస్తాను గానీ నిజానికి నా షాపు నడిచేది పాస్‌పోర్టు ఫారాల మీద. మా వైపు గల్ఫ్‌కు పోని ఇల్లు వెతకాలి. దుబాయ్, మస్కట్, కువైట్, సౌదీ అంటూ ఎవరో ఒకరు రోజూ కవర్లో పాత పాస్‌పోర్టు పెట్టుకుని వస్తారు. పదమూడేళ్లుగా ఇదే పని. అందుకే ఫారంలో ఏ గడిలో ఏం రాయాలో నాకు కంఠస్థం అనుకునేవాడిని. ఒక్క గడి విషయంలో మాత్రం నాకేమీ తెలియదని మా బావ కేసుతో తెలిసింది, అదీ నా చేతులతోనే తప్పు చేశాక.

ఆ గడి ఇది: "మీ మీద ఏదైనా కోర్టులో క్రిమినల్ కేసు పెండింగ్‌లో ఉందా?"

2019లో బావ మస్కట్ నుంచి సెలవు మీద వచ్చి పాస్‌పోర్టు రెన్యువల్‌కు నా దగ్గర కూర్చున్నాడు. నేను టకటకా కొడుతూ ఆ ప్రశ్న దగ్గరికి రాగానే నోటితో అడిగాను కూడా. "బావా, కేసులేమన్నా ఉన్నయా?" "కేసులేంది బామ్మర్దీ, గెట్టు పంచాయితీ ఎప్పుడో తెగిపాయె" అన్నాడు. నేను 'లేదు' అని నొక్కి ముందుకుపోయాను. అర సెకను పని. పాస్‌పోర్టు కూడా ఏ ఇబ్బందీ లేకుండా ఇంటికే వచ్చేసింది, పోలీసులెవరూ వచ్చి అడగలేదు కూడా, కాబట్టి మేమిద్దరం ఆ సంగతే మర్చిపోయాం.

2023లో బావకు కువైట్‌లో డ్రైవర్ వీసా దొరికింది. మస్కట్ కంటే జీతం మంచిది. కువైట్ పని వీసాకు పీసీసీ, అంటే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ కావాలి. ఐదొందలు కట్టి ఆన్‌లైన్‌లో స్లాట్ తీసుకుని, కరీంనగర్ సేవా కేంద్రానికి పోయి వేలిముద్రలు ఇచ్చి, ఫొటో దిగి వచ్చాడు. అక్కడి నుంచి ఫైలు జిల్లా ఎస్పీ ఆఫీసుకు, అక్కడి నుంచి స్టేషన్‌కు పోయి తిరిగి వస్తుంది. మామూలుగా ఇది పెద్ద పనేం కాదు. రెండు వారాలకు స్టేటస్ చూస్తే, పోలీస్ రిపోర్టు ప్రతికూలంగా వచ్చిందని ఉంది. నేను స్క్రీన్ వైపు చూస్తూ ఉండిపోయాను, వెనక నుంచి బావ "ఏమైంది, సర్వర్ డౌనా?" అంటున్నాడు.

కేసు 2016ది. బావ వాళ్ల నాన్నకూ వాళ్ల పెద్దనాన్న కొడుకులకూ పొలం గెట్టు దగ్గర గొడవైంది. పార, కట్టె, మాటలు, తోపులాట. ఒకాయన తలకు చిన్న దెబ్బ తగిలింది, ఆస్పత్రిలో కుట్లు పడ్డాయి. స్టేషన్‌లో రాసిన ఫిర్యాదులో నలుగురి పేర్లు పెట్టారు, అందులో బావ పేరు నాలుగోది. బావ ఆ రోజు అక్కడున్నాడు, ఆపడానికి పోయానంటాడు. అయి ఉండొచ్చు, మా బావ గురించి నేను చెబితే నమ్మకండి గానీ, సెలవు మీద వచ్చినవాడు ఇంకో పదకొండు రోజుల్లో ఫ్లైటెక్కాల్సినవాడు గెట్టు మీద కొట్లాడతాడా అని నాకూ అనిపిస్తుంది. పాత శిక్షాస్మృతి 323, 506 సెక్షన్లు. కొట్టడం, బెదిరించడం. పెద్దమనుషులు కూర్చున్నారు, గెట్టు రాళ్లు పాతారు, ఖర్చుల కింద ఇంత అని తేల్చారు, అందరూ కలిసి చాయ్ తాగారు. ఊరి లెక్కలో అది అయిపోయింది. పెద్దనాన్న కొడుకు ఇంట్లో పెళ్లికి వీళ్లంతా పోయి భోజనం చేసి వచ్చారు కూడా.

కానీ కోర్టులో అది అయిపోలేదు. పోలీసులు ఛార్జిషీటు వేశారు, కోర్టు నంబరు ఇచ్చింది, సమన్లు వచ్చాయి. ముగ్గురు పోయి రెండు మూడు వాయిదాలు తిరిగి, వకీలు చూసుకుంటాడులే అని వదిలేశారు. బావ మస్కట్‌లో ఉన్నాడు. రాని మనిషి మీద కోర్టు ఏం చేస్తుంది, నాన్‌బెయిలబుల్ వారెంట్ ఇస్తుంది. బావ మీద వారెంట్ ఉందని బావకు తెలియదు, అక్కకు తెలియదు, ఆ వారెంట్ ఉండగానే ఆయన శంషాబాద్ ఎయిర్‌పోర్టు గుండా నాలుగుసార్లు పోయి వచ్చాడు. దేశం దాటకుండా ఆపమనే లుకౌట్ నోటీసు ఉంటే తప్ప ఇమిగ్రేషన్ కౌంటర్లో ఇవేవీ కనిపించవు, కాబట్టి ఎవరూ ఆపకపోతే ఏమీ లేనట్టే అనుకుంటాం. ఇంకొక దేశం పోలీస్ కాగితం అడిగినప్పుడే అటక మీద ఉన్నదంతా కింద పడుతుంది.

అప్పటి నుంచి నేను గమనిస్తున్నదేమిటంటే, ఊళ్లో మనం వాడే మాటకూ ఫారంలో ఉన్న మాటకూ అర్థం వేరు. 'పంచాయితీ తెగింది' అంటే కేసు మూసేసినట్టు కాదు. 'కంపెనీ వాళ్లు ఇంటికి పంపిండ్రు' అంటే డిపోర్ట్ కానట్టు కాదు. 'కంపెనీ వాళ్లు ఇంటికి పంపిండ్రు' అంటే డిపోర్ట్ కానట్టు కాదు. మా దగ్గరకొచ్చేవాళ్ల బతుకులు ఈ మూడు మాటల మధ్యనే ఇరుక్కుంటున్నాయి.

మొదటిదాని సంగతి ముందు పూర్తి చేస్తాను. పాస్‌పోర్టుల చట్టం 1967 నాటిది. అందులో 6వ సెక్షన్ ప్రకారం దేశంలోని క్రిమినల్ కోర్టులో కేసు నడుస్తుంటే పాస్‌పోర్టు ఇవ్వకుండా ఆపవచ్చు. గత ఐదేళ్లలో నైతిక పతనం, అంటే మోసం, దొంగతనం లాంటి నీతి తప్పిన పనుల కిందికి వచ్చే నేరంలో రెండేళ్లకు తగ్గకుండా శిక్ష పడినా ఆపవచ్చు. ఇక్కడ చాలామంది భయపడే విషయం ఒకటుంది, స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ అయితే చాలు పాస్‌పోర్టు రాదని. అది నిజం కాదు. కోర్టు కేసును విచారణకు తీసుకున్నాకే అది పెండింగ్ కేసు అని విదేశాంగ శాఖ 2019లో స్పష్టంగా చెప్పింది. విచారణ నడుస్తున్నవాళ్లకూ దారి లేకపోలేదు. 1993 ఆగస్టు నాటి నోటిఫికేషన్ ఒకటుంది, దాని ప్రకారం ఆ కోర్టుకే పోయి అనుమతి తెచ్చుకుంటే పాస్‌పోర్టు ఇస్తారు, కోర్టు ఎన్నాళ్లని రాస్తే అన్నాళ్లకు, ఏమీ రాయకపోతే ఒక ఏడాదికి. ఈ సంగతి చెప్పే ఏజెంటును నేనింతవరకు చూడలేదు. వాళ్లు చెప్పేది ఒక్కటే, 'లేదని కొట్టు, ఏం గాదు.'

నేను కొట్టింది అదే కదా. ఏజెంటును అని ఏం లాభం.

సంగతి దాచిపెట్టి పాస్‌పోర్టు తీసుకుంటే అదే చట్టం 12వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు లేదా ఐదు వేల వరకు జరిమానా, లేదా రెండూ. బావకు వివరణ ఇవ్వమని ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరం చూసి అక్క నాతో వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు. "నువ్వు చదువుకున్నోనివి కదరా" అంది ఒక్కసారి. అంతే, ఇంకేమీ అనలేదు, అనుంటే బాగుండేది. కేసు ఉందని తనకు తెలియదని, పెద్దమనుషుల్లో రాజీ అయింది కాబట్టి ముగిసిందనుకున్నానని బావ రాసిచ్చాడు, జరిమానా కట్టాడు. జరిమానా డబ్బు నేనే ఇచ్చాను. తీసుకోనన్నాడు, గల్లాపెట్టె మీద పెట్టి పోయాడు, నేను మళ్లీ వాళ్లింటికి పోయి అక్క చేతిలో పెట్టి వచ్చాను.

తర్వాత కోర్టు పని. ముందు వారెంట్ రీకాల్ చేయించుకోవాలి, అంటే మనమే వకీలుతో కోర్టు ముందుకు పోయి నిలబడి పిటిషన్ వేయాలి. బావ ముందురోజు రాత్రంతా నిద్రపోలేదు, లోపలేస్తారేమోనని టెన్షన్. వేయలేదు, పూచీకత్తు తీసుకున్నారు. తర్వాత రాజీ. 323, 506 లాంటివి దెబ్బతిన్నవాళ్లు ఒప్పుకుంటే రాజీ చేసుకోవచ్చు, రాజీ అయితే చట్టం దృష్టిలో నిర్దోషిగా విడుదలైనట్టే. జాతీయ లోక్ అదాలత్‌లో పెట్టుకుంటే ఒక్క పూటలో అయిపోతుంది, దాని మీద అప్పీలు కూడా ఉండదు. పెద్దనాన్న కొడుకు, అదే తల పగిలినాయన, సంతకం పెట్టడానికి పొద్దున్నే తయారై బావ కంటే ముందు కోర్టు దగ్గరున్నాడు. "ఏడేండ్లయింది, ఇంకా ఉన్నదా ఇది?" అని ఆయనే ఆశ్చర్యపోయాడు. ఇక్కడితో అయిపోయిందనుకోకండి. తీర్పు కాపీ కోర్టు నుంచి సర్టిఫై చేయించి తీసుకుని స్టేషన్‌లో ఇచ్చి, వాళ్ల రికార్డులో ఎక్కించారా లేదా అని చూసుకోవాలి. లేకపోతే మళ్లీ పీసీసీ పెట్టినప్పుడు పాత జవాబే వస్తుంది. ఈ మొత్తానికి ఐదు నెలలు పట్టింది. కువైట్ వీసా గడువు మూడో నెలలోనే దాటిపోయింది.

ఈ మధ్యలో ఏజెంటు ఒకడు బావను పట్టుకున్నాడు. విజిట్ వీసా మీద పోదాం, అక్కడికి పోయినంక మార్పిద్దాం అని. ఎందుకంటే పీసీసీ పని వీసాకు, దీర్ఘకాలం ఉండే వీసాకు, వలసకు మాత్రమే, టూరిస్టుగా పోయేవాళ్లకు ఇవ్వరు కూడా. ఈ నిబంధనలు ఎవరిని ఆపుతున్నాయో అని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. దొంగతనాలు చేసినవాడు, తలలు పగలగొట్టినవాడు కాగితం రాదని తెలిసి విజిట్ వీసా మీద పోతాడు. పద్ధతిగా పని వీసా మీద పోదామనుకున్నవాడు గెట్టు పంచాయితీ దగ్గర ఆగిపోతాడు. విజిట్ మీద పోయినవాడు గడువు దాటాక ఏమవుతాడో మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. కల్లివెల్లి. అకామా లేకుండా, ఎవరికీ కనపడకుండా, సగం జీతానికి పనిచేసే మనిషి. ఇది చదివేవాళ్ల కోసం చెబుతున్నాను, అకామా అంటే అక్కడి నివాస కార్డు, కల్లివెల్లి అంటే అది లేకుండా ఉండిపోయినవాడు.

దేశాలు కూడా ఈ కాగితం విషయంలో ఒకలా ఉండవు. యూఏఈ 2018 ఫిబ్రవరి 4 నుంచి పని వీసాకు సత్ప్రవర్తన సర్టిఫికెట్ తప్పనిసరి అంది, రెండు నెలలు కూడా తిరక్కుండా ఏప్రిల్ 1 నుంచి ఆపేసింది. ఆ రెండు నెలల్లో నా షాపు ముందు బైకులు పెట్టడానికి జాగా లేదు. సౌదీ 2022 నవంబరులో మనవాళ్లకు పీసీసీ అవసరం లేదని ప్రకటించింది. దానికి కొద్ది వారాల ముందే, సెప్టెంబరు 28 నుంచి, పోస్టాఫీసు పాస్‌పోర్టు కేంద్రాల్లో కూడా పీసీసీకి దరఖాస్తు చేసుకునే వీలు వచ్చింది, జనం అంత ఎక్కువయ్యారు. అంటే అదే మనిషి, అదే కేసు, పోయే దేశాన్ని బట్టి, పోయే నెలను బట్టి అర్హుడో అనర్హుడో అవుతాడు. ఇది చెబితే బావ "అట్లయితే నాకు నెల బాగలేదన్నట్టు" అని నవ్వాడు.

రెండో మాట, 'ఇంటికి పంపిండ్రు'. ఇది గల్ఫ్‌లో తయారయ్యే రికార్డు, మన స్టేషన్‌లో దీని జాడ ఉండదు. ఒకాయన వచ్చాడు, నలభై ఏళ్లుంటాయి, కువైట్‌కు మళ్లీ పోవాలి, వీసా కూడా వచ్చింది. ఇక్కడ పీసీసీ తెల్లకాగితంలా శుభ్రంగా వచ్చింది. ఇదివరకు కువైట్‌లో పనిచేశారా అంటే చేశానన్నాడు. ఎట్లా వచ్చారు అంటే 'పంపిండ్రు' అన్నాడు. నేను అప్పటికి నేర్చుకున్నాను కాబట్టి వదలకుండా అడిగాను. క్షమాభిక్షలో వచ్చారా, పట్టుకుని పంపారా? పట్టుకున్నారు, పది రోజులు లోపల పెట్టారు, వేలిముద్రలు తీసుకున్నారు, ఔట్‌పాస్ మీద, అంటే పాస్‌పోర్టు బదులు ఇంటికి పోవడానికి మాత్రమే ఎంబసీ ఇచ్చే కాగితం మీద పంపారు.

ఈ రెంటికీ ఉన్న తేడా మా వైపు ప్రతి గోడ మీద రాసి పెట్టాలి. కువైట్ 2018లో క్షమాభిక్ష ప్రకటించింది, మళ్లీ 2020లో, మళ్లీ 2024లో. యూఏఈ 2018లో ఇచ్చింది, 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు ఇచ్చింది. ఆ గడువులో తనంతట తాను వచ్చి నమోదు చేసుకుని పోయినవాడి మీద జరిమానా ఉండదు, కొత్త వీసా మీద మళ్లీ రావచ్చు. గడువు అయిపోయాక రోడ్డు మీద తనిఖీల్లో దొరికినవాడిది వేలిముద్ర వేసి పంపడం, వాడికి తలుపు మూసినట్టే. తప్పు ఇద్దరిదీ ఒక్కటే, కాగితాలు లేకుండా ఉండటం. ఒకడు రేడియోలో వార్త విన్నాడు, ఇంకొకడు గొర్లకాడ ఎడారిలో ఉన్నాడు, వినలేదు. సౌదీలో ఇంకొకటి, హురూబ్. కఫీల్, అంటే స్పాన్సర్, ఈ మనిషి పారిపోయాడని ఆన్‌లైన్‌లో ఒక నొక్కు నొక్కితే చాలు, జీతం ఇవ్వలేదని బయటికొచ్చినవాడు కూడా పారిపోయినవాడి కింద లెక్క. కోర్టు లేదు, వాయిదా లేదు, రికార్డు మాత్రం ఉంది.

ఆయనకు ఎవరో చెప్పారట, ఇంటిపేరు కలిపి కొత్త పాస్‌పోర్టు చేయించుకుంటే తెలియదని. మా వైపు ఈ సలహా పాతికేళ్ల నుంచి తిరుగుతోంది, ఒకప్పుడు పనిచేసి ఉండొచ్చు కూడా. ఇప్పుడు పేరు మారుతుంది, పుట్టినతేదీ మారుతుంది, పాస్‌పోర్టు నంబరు మారుతుంది, వేళ్లు మారవు. యూఏఈలో కంటిపాపను కూడా చూస్తారు. లక్షన్నర అప్పు చేసి టికెట్ కొని, అక్కడి ఎయిర్‌పోర్టులో మిషన్ మీద వేలు పెట్టి, అదే రాత్రి తిరుగు విమానంలో వచ్చినవాళ్లను నేను చూశాను. నేను ఆయన ఫారం నింపలేదు. కోపంగా పోయాడు, వేరే షాపులో నింపించుకున్నాడనుకుంటా.

ఈ సందర్భంలో గసగసాల సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మాంసం కూరలోకి అమ్మలు మసాలా దంచి కట్టి పంపుతారు కదా, అందులో గసగసాలు ఉంటాయి. యూఏఈలో, సౌదీలో గసగసాలు నిషేధం, మాదకద్రవ్యాల లెక్కలోకి వస్తాయి. మనకు కూరకు చిక్కదనం, వాళ్లకు నల్లమందు మొక్క గింజ. కొన్ని నొప్పి మాత్రలు, ట్రమడాల్ లాంటివి, డాక్టరు చీటీ లేకుండా తీసుకుపోయినా అదే తిప్పలు. ఆ కేసు పడితే జైలు, డిపోర్టు దాకా పోవచ్చు, మళ్లీ ఆ దేశం ముఖం చూడలేకపోవచ్చు. నేను వీసా ప్రింటు ఇచ్చేటప్పుడు ఆ కాగితం మీద పెన్నుతో 'గసాలు వద్దు' అని రాసిస్తాను. నవ్వుతారు. నవ్వనీ.

మూడో మాట అరెస్టు. ఇది గల్ఫ్ కంటే అమెరికా ఫారాల్లో ఎక్కువ కొడుతుంది. మా ఊళ్ల నుంచి ఇప్పుడు తండ్రి దుబాయ్‌లో, కొడుకు డాలస్‌లో అన్నట్టుంది, ఒకే ఇంటి ఫైళ్లు రెండు రకాలు వస్తాయి నాకు. అమెరికా వీసా డీఎస్-160 ఫారంలో అడిగేది 'శిక్ష పడిందా' అని మాత్రమే కాదు. ఎప్పుడైనా అరెస్టు అయ్యారా లేక శిక్ష పడిందా, క్షమాభిక్ష వచ్చినా సరే, అని అడుగుతారు. ఆ 'ఎప్పుడైనా' అనే మాట దగ్గర నేనే ఆగిపోయాను, నా సొంత ఫారంలో.

2011 సకల జనుల సమ్మెలో నేను కరీంనగర్‌లో డిగ్రీ. రైల్‌రోకోకు పెద్దపల్లి పోయాం. పట్టాల మీద కూర్చున్నాం, పోలీసులు డీసీఎంలో ఎక్కించి ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు, పేర్లు రాసుకున్నారు, మధ్యాహ్నం పులిహోర పొట్లాలు ఇచ్చారు, సాయంత్రం వదిలేశారు. ఆ రోజు నాకు అది పండగలాగే ఉంది. మర్నాడు పేపర్లో 'అరెస్టు' అని రాశారు, అది కోసి దాచుకున్నాను కూడా. పదమూడేళ్ల తర్వాత తమ్ముడి స్నాతకోత్సవానికి డాలస్ పోదామని ఫారం తెరిస్తే ఆ పేపర్ కటింగే కళ్ల ముందు ఆడింది. లేదని కొడితే ఎవరికి తెలుస్తుంది? నిజంగానే ఎవరికీ తెలియకపోవచ్చు. కానీ వీసా కోసం ముఖ్యమైన సంగతి దాచి అబద్ధం చెప్పారని తేలితే అమెరికా చట్టంలో అది జీవితకాలం అడ్డుపడే కారణం, అసలు అరెస్టు కంటే అదే పెద్దది. అవునని కొట్టి, కింద గడిలో నాలుగు లైన్లు రాశాను. నానక్‌రాంగూడ కాన్సులేట్‌లో కిటికీ అవతల ఆఫీసరు "ఏమిటిది?" అంటే తెలంగాణ ఉద్యమం అన్నాను, ఏమైనా పగలగొట్టారా అంటే లేదు, పట్టాల మీద కూర్చున్నాం అన్నాను. ఇంకో రెండు ప్రశ్నలు అడిగి వీసా ఇచ్చేశాడు. నేను ఇంటి నుంచి తెచ్చుకున్న కాగితాల కట్ట చూడనేలేదు.

అక్కడున్న పిల్లల పరిస్థితి అంత తేలిక కాదు. రెండు రకాల కేసులు ఎక్కువ వింటున్నాను. ఒకటి తాగి బండి నడపడం. హైదరాబాద్‌లో డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికితే గోషామహల్‌లో కౌన్సెలింగ్, కోర్టులో జరిమానా, స్నేహితులకు చెప్పుకోవడానికి ఒక కథ, అంతటితో పోతుందనుకుంటారు. అమెరికాలో ఆ అరెస్టు వివరాలు వీసా ఇచ్చిన శాఖకు చేరితే, కేసు ఇంకా తేలకముందే వీసా స్టాంపు రద్దు చేయవచ్చు. 2015 నుంచి, గత ఐదేళ్లలో అలాంటి అరెస్టు ఉంటే చాలు అదే పద్ధతి. స్టాంపు రద్దయినంత మాత్రాన వెంటనే దేశం విడిచిపోవాలని కాదు, ఉద్యోగం చేసుకోవచ్చు, కానీ చెల్లి పెళ్లికి ఇండియాకు వస్తే మళ్లీ కొత్త వీసా, ఇంటర్వ్యూ, కాన్సులేట్ చెప్పిన డాక్టరు దగ్గర తాగుడు అలవాటుందా లేదా అన్న పరీక్ష, ఇవన్నీ దాటాకే తిరుగు ప్రయాణం. కెనడా ఇంకా గట్టిది. 2018 డిసెంబరులో అక్కడ తాగి నడపడానికి గరిష్ఠ శిక్షను పదేళ్లకు పెంచారు, దాంతో అది తీవ్ర నేరాల్లోకి చేరి, వేరే దేశంలో ఒక్కసారి శిక్ష పడినవాళ్లకూ సరిహద్దు దగ్గర ఇబ్బందే.

రెండోది షాపుల్లో చిన్న దొంగతనం. చెప్పడానికి సిగ్గుగా ఉంటుంది గానీ జరుగుతోంది. సెల్ఫ్ చెకౌట్ దగ్గర రెండు వస్తువులు స్కాన్ చేయకుండా బ్యాగులో వేసుకోవడం. డబ్బులేక కొందరు, ఎవరూ చూడట్లేదని కొందరు. తాగి నడపడం కంటే ఇది చిన్నదని అనుకుంటారు, వీసా చట్టంలో తలకిందులు. దొంగతనం నైతిక పతనం కిందికి వస్తుంది, ఒక్కసారి తాగి నడపడం మామూలుగా రాదు. ఒకే ఒక్క నేరం, గరిష్ఠ శిక్ష ఏడాది దాటనిది, పడిన శిక్ష ఆరు నెలలు దాటనిది అయితే మినహాయింపు ఉంది. అందుకే అక్కడ లాయరు ఏ సెక్షన్‌కు ఒప్పుకోమన్నాడో చాలా ముఖ్యం. ఇంకో ఉచ్చు ఏమిటంటే, తప్పు ఒప్పుకుని క్లాసులకు పోతే కేసు కొట్టేస్తారు, రికార్డు చెరిపేస్తారు అని అక్కడి మామూలు లాయర్లు చెబుతారు. స్థానిక కోర్టుకు అది నిజమే. ఇమిగ్రేషన్ లెక్కలో మాత్రం నేరం ఒప్పుకుని, కోర్టు ఏదో ఒక షరతు పెట్టిందంటే అది శిక్ష పడినట్టే, చెరిపేసినా ఉన్నట్టే. మన 'పంచాయితీ తెగింది' లాంటి మాటే అది, ఇంగ్లీషులో చెప్పారంతే.

2025 వసంతంలో ఇది ఎంత దూరం పోయిందో చూశాం. పోలీసుల డేటాలో ఏదో ఒకచోట పేరు కనిపించిందని అమెరికాలో వేల మంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు, అంటే వాళ్లు విద్యార్థులుగా అక్కడ ఉండటానికి ఆధారమైన ప్రభుత్వ రికార్డులు మూసేశారు. అందులో కొట్టేసిన కేసులున్నవాళ్లు, ట్రాఫిక్ టికెట్లవాళ్లు కూడా ఉన్నారు. ఫెడరల్ కోర్టుల్లో దావాల మీద దావాలు పడ్డాక ఏప్రిల్ నెలాఖరులో వెనక్కి తగ్గి మళ్లీ తెరిచారు. ఆ మూడు వారాలు మా ఊళ్లో తల్లిదండ్రులు నా షాపుకొచ్చి "మా వాడు ఒకసారి స్పీడుగా పోయి ఫైన్ కట్టిండు, ఏమన్నా అయితదా?" అని అడిగారు. నేనేం చెప్పను, కాలేజీలో విదేశీ విద్యార్థుల ఆఫీసుకు ఫోన్ చేయమనండి అన్నాను.

ఒక దేశం తన గుమ్మం దగ్గర నిలబడినవాణ్ని 'నువ్వెవరు, ఏం చేశావు' అని అడగడంలో నాకు తప్పు కనిపించదు. మనింటికి పనికి వచ్చేవాణ్ని మనం అడగమా? నాకు మండేది ఎక్కడంటే, కాగితం మీద అన్నీ ఒకే పొడవున కనిపిస్తాయి. ఎన్నికలకు ముందు తహసీల్దారు దగ్గర గొడవ చేయనని పూచీ రాసిచ్చి బైండోవర్ అయినవాడూ, నిజంగా కత్తి పట్టినవాడూ, పేరు నాలుగో నంబరుగా ఇరికించినవాడూ స్టేషన్ రిజిస్టర్లో వరసగా ఉంటారు. డబ్బున్నవాడు వాయిదాకు వకీలును పంపి ఆరు నెలల్లో కొట్టేయించుకుంటాడు. గల్ఫ్ మనిషి వాయిదాకు రావాలంటే టికెట్ ముప్పై వేలు, రెండేళ్లకొకసారి సెలవు. నేరం చేశాడని కాదు, వాయిదాకు రాలేదని వాడి రికార్డు పెరుగుతుంది. పైగా ఫారం ఇంగ్లీషులో ఉంటుంది, నింపేది నాలాంటివాడు, అర సెకనులో.

ఇప్పుడు నేను ఆ గడి దగ్గర 'కేసులున్నాయా' అని అడగడం మానేశాను. ఎప్పుడన్నా స్టేషన్ మెట్లెక్కినారా, ఎవరన్నా మీ మీద కాగితం రాసిచ్చిండ్రా, కోర్టు నుంచి మీ ఇంటికి ఎవరన్నా వచ్చి సంతకం అడిగిండ్రా, గల్ఫ్ నుంచి వచ్చేటప్పుడు మీ సొంత పాస్‌పోర్టు మీద వచ్చిండ్రా, ఔట్‌పాస్ మీద వచ్చిండ్రా, ఇలా అడుగుతాను. తర్వాత ఈ-కోర్టుల వెబ్‌సైటులో జిల్లా పెట్టి పేరు కొట్టి చూస్తాను, అది ఉచితం, రెండు నిమిషాల పని. పేరు స్పెల్లింగు మూడు రకాలుగా మార్చి చూడాలి, కోర్టులో ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంటుంది. వెనక లైన్లో ఉన్నవాళ్లు విసుక్కుంటారు. పోయిన నెల ఒకతను ఈ ప్రశ్నలన్నీ విని "అన్నా, నువ్వు పోలీసోనివా, జిరాక్సోనివా" అన్నాడు.

బావకు పోయిన ఏడాది రెండోసారి పెట్టినప్పుడు పీసీసీ వచ్చింది. అప్పటికి ఆ కువైట్ వీసా లేదు, ఆ కఫీల్ వేరే డ్రైవర్‌ను పెట్టుకున్నాడు. ఇప్పుడు ఊళ్లోనే ఒకరి డీసీఎం నడుపుతున్నాడు, ఇంకో వీసా కోసం చూస్తున్నాడు. వీసా వచ్చాక మళ్లీ కొత్త పీసీసీ తీయాలి, పాతది పనికిరాదు, నేను చెప్పాను. అయినా మొన్న ఆ కాగితం మడత విప్పి పట్టుకుని షాపుకొచ్చి, కౌంటర్ మీద పెట్టి, "లామినేషన్ చెయ్యి బామ్మర్దీ" అన్నాడు. చేశాను. పైసలు తీసుకోలేదు.